ఆరోగ్యరంగములో నారుమడులు

చిన్న పామునైనను పెద్ద కఱ్ఱతో కొట్టవలెనని మన పెద్దలు చెప్పిరి. రోగముల విషయములో ప్రభుత్వములును ప్రజలును సాధారణముగా ఈ సామెతనే పాటింతురు. పెద్ద ఆసుపత్రి, ఖరీదైన యంత్రము, దేశమంతటికిని ఒకే పథకము, కోట్ల రూపాయల మొత్తము - ఇవి లేనిదే వ్యాధి లొంగదని మన నమ్మకము. ఆ నమ్మకము పూర్తిగా తప్పు కాదు. ప్రపంచములోని ప్రభుత్వములు ఏకమై ఏండ్ల తరబడి టీకాలు వేయించుటచేతనే మశూచి అంతరించినదని 1980లో ప్రకటింపగలిగిరి. అయితే పెద్ద కఱ్ఱ ఎత్తుటకు ముందు పాము ఏ కలుగులో ఉన్నదో తెలియవలెను గదా! వెదకుటకు దీపము కావలెను. ఆ దీపమునకు చమురు కొంచెమే పట్టును.

గ్రామములలోను, పట్టణములలోని పేదవాడలలోను పనిచేయు స్వచ్ఛంద సేవాసంఘములకు, ప్రజారోగ్య విషయమున ఒక క్రొత్త పద్ధతిని పరీక్షించి చూచుటకై ఇచ్చు చిన్న గ్రాంటు అట్టి చమురు వంటిది. ఇదియే నేటి ప్రసంగ విషయము. గ్రాంటు అనగానే సత్రము కట్టుటకో, మందులు పంచుటకో, కంటి శిబిరము జరుపుటకో ఇచ్చు విరాళమని తలంతుము. అట్టి విరాళములు మంచివే. వాని ఫలము వెంటనే కంటికి కనిపించును. ఈ గ్రాంటు ఉద్దేశము వేరు. “ఈ పని ఇట్లు చేసినచో ప్రాణములు నిలుచునా?” అను ఒక ప్రశ్నకు సమాధానము తెచ్చుట దీని పని. సమాధానము అవునని రావచ్చును, కాదని రావచ్చును. ఏది వచ్చినను, నిజాయితీగా వచ్చినచో, ఆ ధనము వ్యర్థమైనదని చెప్పరాదు.

మన రైతునకు ఈ న్యాయము క్రొత్త కాదు. మంచి వంగడము వచ్చినదని విన్నంతనే అతడు ఉన్న పది ఎకరములలోను దానినే చల్లడు. ఒక మూల మడిలో వేసి, ప్రక్క మడిలో పాత విత్తనమే ఉంచి, తెగులు దేనికి సోకెనో, గింజ దేనికి నిండెనో కన్నులార చూచి, మరుసటి ఏడు నిర్ణయించుకొనును. పోల్చి చూచుటకు ప్రక్క మడి లేనిచో, ఆ ఏటి మంచి వానలు తెచ్చిన ఫలితమునకు క్రొత్త విత్తనము కీర్తి పొందవచ్చును. ఆరోగ్య ప్రయోగములకును ఈ రెండే ప్రధానములు: చిన్న మడి, ప్రక్క మడి.

మనకు మిక్కిలి సమీపమున జరిగిన ఒక దృష్టాంతము చెప్పెదను. కాళేశ్వరమునకు ఎదుటి వైపున, ప్రాణహిత గోదావరిలో కలియుచోట, సిరొంచ తాలూకా ఉన్నది. తెలుగు మాటాడు కుటుంబములు అచ్చట అనేకము. ఆ తాలూకా మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు చెందినది. అడవులు, గోండు పల్లెలు, వానకాలమున తెగిపోవు దారులు గల ఆ జిల్లాకు 1986లో అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్య దంపతులు వచ్చి, ‘సెర్చ్’ అను తమ సంఘము తరఫున పని ప్రారంభించిరి. పుట్టిన బిడ్డలు నెల తిరుగకుండనే కన్నుమూయుచుండుట వారు చూచిరి. ఆ మరణములు తరచుగా ప్రభుత్వ లెక్కలకును ఎక్కవు. పురిటిగది చీకటిలోనే ముగిసిపోవును.

వారు మొట్టమొదట చేసినది చికిత్స కాదు, లెక్క. పల్లెలలో పుట్టిన బిడ్డలను వరుసగా గమనింపగా, మొదటి నెలలో సుమారు సగము మందికి ప్రాణాపాయము కలిగింపగల జబ్బు ఏదో ఒకటి సోకుచున్నదని తేలినది. వారిలో నూటికి ముగ్గురికైనను వైద్యుని సాయము అందుట లేదు. బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపొండని బోధించుట సులభము. కాని బాలింతను గడప దాటనీయని ఆచారము, బండి దొరకని రాత్రి, చేతిలో లేని రొక్కము - ఇవి బోధనలకు లొంగునవి కావు. కాబట్టి ఆ దంపతులు ప్రశ్నను మార్చిరి. బిడ్డ ఆసుపత్రికి రాలేనిచో, ఆసుపత్రిలో చేయు పనిలో ఎంత భాగము బిడ్డ ఇంటికి పోగలదు?

ఈ ప్రశ్నకు సమాధానముగా 1993 నుండి 1998 వరకు ఒక ప్రయోగము నడచినది. అమెరికాలోని ఫోర్డు, మెకార్థర్ ధర్మనిధులు సహాయము చేసినవి. 39 గ్రామములలో క్రొత్త పద్ధతి. పోలిక కొఱకు 47 గ్రామములలో యథాప్రకారము జరుగు ప్రభుత్వ సేవలు. ఆ 39 ఊళ్ళలోను, ఊరి ఆడపడుచులలోనే కొంత చదువు వచ్చిన ఒకామెను ఎన్నుకొని శిక్షణ ఇచ్చిరి. కాన్పు సమయమున మంత్రసానితోపాటు ఆమెయు ఉండును. బిడ్డను తూచును, వెచ్చగా చుట్టి ఉంచుట, వెంటనే చనుబాలు పట్టుట తల్లికి నేర్పును, ఊపిరి తీయని బిడ్డకు సాధనముతో ఊపిరి పోయును. చీము దోషము ఒడలికి ఎక్కిన లక్షణములు కనిపించినచో, పెద్దల అనుమతితో, కొలిచి ఇచ్చిన మోతాదులో జెంటమైసిన్ సూదిమందు కూడ వేయును. డాక్టరు పట్టము లేని పల్లెటూరి స్త్రీ పసికందునకు సూది వేయుట! వైద్య లోకమునకు ఇది మితిమీరిన సాహసముగా తోచుట సహజమే. అందుచేతనే దీనిని జిల్లా అంతటను ఒక్కసారిగా ప్రారంభించుటకు వీలులేదు. అసలే ప్రారంభింపకుండుటకును వీలులేదు. ఇట్టి సందిగ్ధములోనే చిన్న ప్రయోగమునకు విలువ.

జననములు, మరణములు ఎప్పటికప్పుడు వ్రాయబడినవి. ఇంటింటికిని పోయి ఆ లెక్కను మఱల సరిచూచిరి. మూడవ ఏడు ముగియునప్పటికి, క్రొత్త పద్ధతి నడచిన ఊళ్ళలో నెలలోపు శిశుమరణములు వేయికి 62 నుండి సుమారు 25కు దిగినవి. పోలికకై ఉంచిన ఊళ్ళలో అట్టి తగ్గుదల కనిపించలేదు. ఒక్కొక్క బిడ్డకు అయిన ఖర్చు అయిదు డాలర్ల ముప్పది సెంట్లు. ఈ ఫలితములు 1999 డిసెంబరులో లాన్సెట్ అను వైద్య పత్రికలో వెలువడినవి.

ఆ పిమ్మట జరిగినది గమనింపదగినది. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ దేశమంతటను ఆశా కార్యకర్తలను నియమించినది. 2011లో, బిడ్డ పుట్టిన ఇంటికి ఆశా కార్యకర్త స్వయముగా పోవలెనను పద్ధతి దేశవ్యాప్తముగా అమలునకు వచ్చినది. ఆసుపత్రిలో కాన్పు అయినచో మూడవనాడు, ఏడవనాడు, పదునాలుగవనాడు, ఇరువది యొకటవనాడు, ఇరువది యెనిమిదవనాడు, నలుబది రెండవనాడు - ఆరు పర్యాయములు. ఇంటివద్దనే కాన్పు అయినచో మొదటినాటితో కలిపి ఏడు. నేడు శ్రీకాకుళము పల్లెలోనైనను, ఆదిలాబాదు గూడెములోనైనను బాలింత ఇంటి తలుపు తట్టి బిడ్డను తూచి పోవు ఆమె పనిలో, గడ్చిరోలిలోని ఆ 39 ఊళ్ళ అనుభవము కలసి ఉన్నది. సూదిమందు మాత్రము ఆ రూపమున దేశవ్యాప్త పథకములో చేరలేదు. చిన్న మడిలో పండినదంతయు పెద్ద పొలమునకు అట్లే రాదు. ఇదియు నేర్చుకొనవలసిన పాఠమే.

రెండవ దృష్టాంతము బంగ్లాదేశమునకు చెందినది. అతిసారముతో బిడ్డ శరీరములోని నీరు, లవణములు పోవుటచేతనే ప్రాణము పోవును. చక్కెర కలిసిన ఉప్పునీరు ప్రేగులగుండ చక్కగా ఒంటబట్టునని ఢాకా, కలకత్తా నగరములలో జరిగిన పరిశోధనలవలన 1960 ప్రాంతపు దశాబ్దములోనే తెలిసినది. 1971లో బంగ్లాదేశ విమోచన సమయమున, సరిహద్దునగల బనగాఁవ్ శరణార్థి శిబిరములో కలరా వ్యాపింపగా, నరములకెక్కించు సెలైను చాలనందున, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ద్రావణమునే పీపాలలో కలిపించి, రోగుల బంధువులచేతనే త్రాగించిరి. అంతకుముందు నూటికి ముప్పదిమంది వరకు చనిపోవుచుండిన చోట ఆ సంఖ్య నాలుగింటికి లోపునకు దిగినది. ఆయనకు మరణానంతరము 2023లో పద్మవిభూషణ పురస్కారము ప్రకటింపబడినది.

మందు తెలిసినది. కాని మందు తెలియుట వేరు, తల్లి చేతికి అది చేరుట వేరు. పల్లెలో అర్ధరాత్రి బిడ్డకు విరేచనములు పట్టుకొన్నచో పొట్లము ఎచ్చటనుండి వచ్చును? 1972లో ఫజ్లె హసన్ ఆబెద్ స్థాపించిన ‘బ్రాక్’ సంఘము ఈ ప్రశ్నను చేపట్టినది. లండనులో తనకున్న నివాసమును అమ్మి ఆ ధనముతో సేవ ప్రారంభించిన వ్యక్తి ఆయన. 1979లో, సుల్లా అను మాగాణి ప్రాంతములో, ఆ సంఘమువారు ఇంటిలో దొరకు వస్తువులతోనే ద్రావణము చేయుట నేర్పిచూచిరి. మూడు వ్రేళ్ళతో పట్టిన చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము, అరసేరు నీళ్ళు. వినుటకు ఇంతే. కాని ఉప్పు ఎక్కువైనచో బిడ్డకే ప్రమాదము. కాబట్టి తల్లులు కలిపిన నీటిని సీసాలలో తెచ్చి ప్రయోగశాలలో పరీక్షింపించిరి. చేతివ్రేళ్ళ కొలత నమ్మదగినదని తేలిన పిమ్మటనే ముందుకు సాగిరి.

ఇందులో ఒక విశేషము కలదు. నేర్పుటకు పోయిన యువతులకు జీతము, ఎన్ని ఇండ్లు తిరిగిరను లెక్కనుబట్టి ఇవ్వలేదు. కొన్నాళ్ళకు వేరొకరు పోయి, ఆ తల్లులలో కొందరిని ప్రశ్నించి, ఎన్ని విషయములు జ్ఞాపకమున్నవో, ద్రావణము సరిగా కలుపగలరో లేదో చూచెడివారు. తల్లికి వచ్చినదానినిబట్టి నేర్పినవారికి ముట్టును. పాఠము చెప్పితిమి అనుటకును, పాఠము వచ్చినది అనుటకును గల భేదమును ఇంత సూటిగా జీతములో చూపిన సంస్థలు అరుదు.

అయినను మొదట ఫలితము నిరాశ కలిగించినది. తల్లులకు పాఠము వచ్చినది. కాని బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఆ నీరు త్రాగించినవారు బహు కొద్దిమంది. ఎందుచేత? విచారింపగా రెండు కారణములు బయటపడినవి. నేర్పుటకు పోయిన కార్యకర్తలలోనే కొందరికి ఉప్పు, బెల్లపు నీటిమీద నమ్మకము లేదు. తమకు విరేచనములు పట్టుకొన్నప్పుడు వారు మాత్రలే మ్రింగుచుండిరి. రెండవది, ఇంటి మగవారికి ఎవరును ఏమియు చెప్పలేదు. ఆడవారు కలిపిన నీటిని వారు లెక్కచేయలేదు. అప్పుడు కార్యకర్తలను ఢాకాలోని కలరా ఆసుపత్రికి తీసికొనిపోయి, ఆ నీరు ప్రాణము నిలుపుటను కన్నులార చూపించిరి. సంతలలో, మసీదులలో మగవారిని కలిసి మాటాడిరి. వాడుక పెరుగ నారంభించినది. 1980 నుండి 1990 వరకు సాగిన ఈ కార్యక్రమములో కోటి ఇరువది లక్షలకు పైగా గృహములలో తల్లులకు, ఒక్కొక్కరికి ఎదురుగా కూర్చుండి నేర్పిరి. మొదటి నిరాశను దాచియుంచి, “ఇన్ని వేల ఇండ్లకు పోయితిమి” అని నివేదిక పంపి ఊరకుండినచో, ఈ కోటి ఇండ్ల కథ లేదు.

మహారాష్ట్రలోని జామ్‌ఖేడులోను ఇట్టిదే జరిగినది. 1970లో రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే దంపతులు అచ్చట గ్రామీణ ఆరోగ్య కార్యక్రమము ప్రారంభించి, మొదట శిక్షణ పొందిన నర్సులను పల్లెలలో ఉంచ ప్రయత్నించిరి. ఊరిలో ఒంటరిగా మసలుట వారికిని, వారిని తమవారిగా చూచుట ఊరివారికిని సాధ్యము కాలేదు. ఆ పద్ధతి విడిచి, ఊరి స్త్రీలనే, చదువురానివారిని, అంటరానివారని దూరముగా ఉంచబడిన కులములవారిని సైతము, ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దిరి. 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన గ్రంథములో ఈ అనుభవము చోటు చేసికొన్నది. 1978 ఆల్మా ఆటా మహాసభ ప్రాథమిక ఆరోగ్య సేవను ప్రపంచ ధ్యేయముగా ప్రకటించుటకు ముందు పరిశీలింపబడిన అనుభవములలో ఇది యొకటి. నర్సుల ప్రయత్నము విఫలమైనదని ఒప్పుకొనుటయే ఇక్కడ మొదటి విజయము.

ఇక దీనికి విరుద్ధమైన కథ యొకటి వినవలెను. దక్షిణ ఆఫ్రికాలో ‘ప్లే పంపు’ అను సాధనము బయలుదేరినది. పిల్లలు ఎక్కి ఆడుకొను రంగులరాట్నమునకు నీటి పంపును తగిలించిరి. పిల్లలు త్రిప్పుకొలది బోరులోని నీరు ఎత్తుగా ఉన్న తొట్టిలోనికి ఎక్కును. పిల్లలకు ఆట, ఊరికి నీరు. ఎవరి మనస్సు కరుగదు? 2000లో ప్రపంచ బ్యాంకు దీనికి ఒక బహుమతి గ్రాంటు ఇచ్చినది. 2006లో అమెరికాలో ఒక కోటి అరువదినాలుగు లక్షల డాలర్ల సహాయము ప్రకటింపబడినది. 2010 నాటికి 4,000 పంపులు, కోటి మందికి నీరు - ఇది లక్ష్యము. అనగా ఒక్కొక్క పంపునకు 2,500 మంది.

ఈ లెక్కను ముందే ఎవరైనను కాగితముమీద వేసి చూచినచో బాగుండెడిది. 2009లో ఒక బ్రిటిష్ పత్రిక వేసి చూపినది. అంతమందికి కనీసపు నీరు అందవలెనన్నచో పిల్లలు ఆ రాట్నమును దినమునకు 27 గంటలు త్రిప్పవలెనట. భగవంతుడు దినమునకు ఇచ్చిన గంటలు ఇరువదినాలుగే. ఒక్కొక్క పంపు ఖరీదు 14,000 డాలర్లు. మామూలు చేతిపంపునకు అయ్యెడిదానికి సుమారు నాలుగురెట్లు. పిల్లలు బడికి పోయినప్పుడు, ఆట విసుగెత్తినప్పుడు, ఊరి స్త్రీలు, ముసలివారు వంగి ఆ చక్రమును త్రిప్పవలసివచ్చినది. చెడిపోయిన పంపులు బాగుచేయువారు లేక నెలల తరబడి పడియుండినవి. 2010 నాటికి ఆ కార్యక్రమమును నడపిన సంస్థ దానిని వేరొకరికి అప్పగించి తప్పుకొన్నది.

ఈ కథలో చెడ్డవారు ఎవరును లేరు. అందరిదియు మంచి ఉద్దేశమే. చిన్న గ్రాంటు కూడ ముందుగానే వచ్చినది. రానిది చిన్న ప్రశ్న: “ఈ పంపునుండి దినమునకు ఎన్ని బిందెలు పడుచున్నవి? ఎవరు త్రిప్పుచున్నారు? ప్రక్క ఊరిలోని చేతిపంపుతో పోల్చినచో ఎట్లున్నది?” పది ఊళ్ళలో ఒక సంవత్సరము ఈ లెక్క వ్రాసియుండినచో, కోటిన్నర డాలర్లకు మించిన ఆశ, దానికంటె విలువైన ఊరివారి నమ్మకము, నిలిచియుండెడివి. చిన్న గ్రాంటు చిన్నదగుటచేతనే మంచిది కాదు. లెక్కతో కూడినదైనప్పుడే మంచిది.

ఇప్పుడు ఇట్టి ధనము ఎచ్చటనుండి వచ్చునో చూతము. 2008లో గేట్స్ ధర్మనిధి ఒక క్రొత్త పద్ధతి ప్రారంభించినది. రెండే పుటల దరఖాస్తు. ముందు ఫలితములు చూపనక్కరలేదు. ఆలోచన బాగున్నచో ఒక లక్ష డాలర్లు. అది ఫలించినచో పది లక్షల డాలర్ల వరకు మరల సహాయము. పెద్ద విద్యాలయములవారే గాక చిన్న సంఘములవారును తలుపు తట్టుటకు ఇది అవకాశము కలిగించినది. మన దేశములో కేంద్ర ప్రభుత్వ జీవసాంకేతిక శాఖయు ఆ ధర్మనిధియు కలిసి 2012లో ఇట్టి సవాళ్ళ కార్యక్రమమును నెలకొల్పినవి. 2014 ఏప్రిల్ నుండి, ఒక స్థాయికి మించిన కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండువంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలెనని చట్టము వచ్చినది. ఆ కార్యముల పట్టికలో ఆరోగ్యము కూడ ఉన్నది. 2020లో వచ్చిన సవరణతో, విదేశ విరాళము పొందిన సంఘము దానిని మఱియొక సంఘమునకు పంచి ఇచ్చుట నిషేధింపబడినది. కాబట్టి మారుమూల పల్లెలలోని చిన్న సంఘములకు స్వదేశమునందలి ధనమే నేడు ప్రధానాధారము.

ఇచ్చువారు ఆలోచింపవలసిన సంగతులు కొన్ని కలవు. మొదటిది కాలము. ఒక ఏటికే గ్రాంటు ఇచ్చినచో, కార్యకర్తకు శిక్షణ ముగిసి, ఊరివారికి ఆమెపై నమ్మకము కుదురు సమయమునకు డబ్బు ఆగిపోవును. గడ్చిరోలికి అయిదేండ్లు పట్టినది. చిన్న మొత్తమైనను కొంత దీర్ఘకాలము ఇచ్చుట, పెద్ద మొత్తము స్వల్పకాలము ఇచ్చుటకంటె మేలు. రెండవది లెక్కకు అయ్యెడి ఖర్చు. మందులకు డబ్బు ఇచ్చువారు, మరణములు వ్రాయు పుస్తకమునకు, దానిని సరిచూచు గుమాస్తాకు ఇచ్చుటకు వెనుదీయుదురు. అది దుబారా కాదు; ప్రయోగమునకు ప్రాణమే అది. మూడవది, అపజయమును చెప్పుకొను స్వాతంత్ర్యము. నివేదికలో మంచి మాటలు వ్రాసినవారికే మరల గ్రాంటు వచ్చునన్నచో, మంచి మాటలే వచ్చును. పని జరుగలేదని, ఎందుచేత జరుగలేదని వివరముగా వ్రాసిన సంఘమునకు మరియొక అవకాశము ఇచ్చు దాత ఉండవలెను.

నాలుగవది అన్నిటికంటె బరువైనది. ప్రయోగము జరుగునది పంటమడిలో కాదు, మనుష్యుల ఇండ్లలో. “చిన్న సంఘము, చిన్న మొత్తము, చిన్న ఊరు” అను పేరుతో అనుమతులు తేలికగా తీసికొనరాదు. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రచురించిన నియమావళి ప్రకారము, మనుష్యులపై జరుపు ఆరోగ్య పరిశోధనలను నైతిక సమీక్షా సంఘము ముందుగా పరిశీలింపవలెను. పాల్గొనువారు తెలిసి అంగీకరింపవలెను. పోలిక కొఱకు ఉంచిన ఊరికి అంతకుముందు అందుచుండిన సేవ ఏదియు ఆగిపోరాదు. ప్రయోగము ఫలించినచో ఆ ఫలము మొదట ఆ ఊరివారికే అందవలెను. చదువురాని తల్లి వేలిముద్ర వేయుట అంగీకారము కాదు. ఆమె “వద్దు” అనుటకు వీలున్నదని ఆమెకు తెలియుటయే అంగీకారము.

కొందరు మఱియొక ఆక్షేపణ చెప్పుదురు. “ఇదంతయు ప్రభుత్వము చేయవలసిన పని. సంఘములు నాలుగూళ్ళలో మంచి చేసి, మిగిలిన వేలాది ఊళ్ళను ఏమి చేయును?” అని. ఈ ఆక్షేపణలో సత్యమున్నది. కోటి ఇండ్లకు పోగల శక్తి ప్రభుత్వమునకో, బ్రాక్ వంటి మహాసంస్థకో తప్ప చిన్న సంఘమునకు లేదు. కాని పన్ను కట్టిన ప్రజలకు జవాబు చెప్పవలసిన అధికారి, ఫలించునో లేదో తెలియని పద్ధతిని నెత్తికెత్తుకొనుటకు జంకును, జంకుట న్యాయమే. ఆ తెలియని మొదటి అడుగు చిన్న సంఘము వేయవలెను. తెలిసిన పిమ్మట పెద్ద అడుగు ప్రభుత్వము వేయవలెను. ఈ రెండింటి నడుమ వంతెన లేకపోవుటయే నేటి లోపము. గడ్చిరోలి ఫలితము ప్రకటింపబడిన 1999కిని, అది దేశవ్యాప్తమైన 2011కిని నడుమ పండ్రెండేండ్లు గడచినవి. ఆ పండ్రెండేండ్లలో పుట్టిన బిడ్డల మాట ఏమి? ప్రయోగము ప్రారంభించునాడే జిల్లా ఆరోగ్యాధికారిని పిలిచి చూపి, “ఈ సంఖ్య ఇంతకు దిగినచో మీరు చేపట్టుదురా?” అని ముందుగా మాట తీసికొన్నచో ఆ కాలము తగ్గును.

చివరగా, ఈ ప్రయోగములు చౌకగా ఫలించినవని సంతోషించునప్పుడు, ఆ చౌక ఎవరి శ్రమనుండి వచ్చినదో మరువరాదు. జామ్‌ఖేడులోను, గడ్చిరోలిలోను, సుల్లాలోను పని నడపినది పల్లెటూరి స్త్రీలు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశా కార్యకర్తలను గొప్ప పురస్కారముతో గౌరవించినది. కాని బిడ్డ పుట్టిన ఇంటికి ఆరు పర్యాయములు పోయి, తూచి, చూచి, వ్రాసినందుకు ఆమెకు మొదట నిర్ణయించిన పారితోషికము అన్నిటికిని కలిపి 250 రూపాయలు. ప్రయోగము జరుపువారు బిడ్డకు అయిన ఖర్చును లెక్కవేయునప్పుడు, ఆమెకు న్యాయముగా ఇవ్వవలసినదానిని కూడ ఆ లెక్కలో వేసి చూపవలెను. లేనిచో పథకము పెద్దదైనకొలది ఆ అన్యాయమును పెద్దదగును.

మనలో పలువురము ఏడాదికి ఒకసారియైనను ఏదో ఒక సేవాసంఘమునకు చందా ఇత్తుము. కొందరు తల్లిదండ్రుల పేరిట ధర్మనిధులు నెలకొల్పుదురు. కొందరు కంపెనీలలో, సహకార సంఘములలో నిర్ణయము చేయు స్థానములలో ఉందురు. చందా పుస్తకము ఎదుటికి వచ్చినప్పుడు ఫోటోలు ఎన్ని ఉన్నవని చూడక, మూడు మాటలు అడుగుడు. మీరు తెలిసికొనదలచినది ఏమి? తెలిసినదని ఎట్లు తెలియును? కాదని తేలినచో ఏమి చేయుదురు? మూడవ ప్రశ్నకు తడబడక జవాబు చెప్పిన సంఘము చేతిలో చిన్న మొత్తమైనను సుఖముగా పెట్టవచ్చును. ఏ ఊరిలోనో ఏ బాలింత ఒడిలోనో ఉన్న బిడ్డకు ఆ చమురు వెలుగు చేరుటకు కొన్నేండ్లు పట్టవచ్చును. పట్టినను, చేరినదీ లేనిదీ మనకు లెక్కతో తెలియును.